కలకత్తా రాయి, మార్కాపురం పలక

మార్కాపురం,
12 ఆగస్టు 2018

అక్కకు కాళ్లకు దండం పెట్టి చెల్లెలు రమణి రాస్తున్నది. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. నీ చెవుల సంగతి అడగను. మొన్న నీ కొడుకు లక్ష్మణ్ ఫోను నీ చెవికి ఆనిస్తే నా మాట ఒక్కటీ వినకుండా పది నిమిషాలు నీ పళ్లసెట్టు గురించి చెప్పి పెట్టేసినావు. అందుకే మళ్లీ ఉత్తరాల్లోకి దిగినాను. పోస్టుమాన్ జయపాల్ నవ్వుతున్నాడు, ఈ బజారులో చేత్తో అడ్రసు రాసేది నువ్వొక్కదానివే పెద్దమ్మా అని.

సంగతి ఏందంటే, మన పలకల గోడౌను అమ్మేస్తున్నాం. రాతిపలక మీద రాసే పిల్లలు ఇప్పుడెక్కడున్నారు? అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వస్తుందట. నా కొడుకు లక్ష్మీకాంత్ ఖాళీ చేయిస్తుంటే అటక మీద నాయన రేకుపెట్టె దొరికింది. తాళంచెవి మొలతాడుకు కట్టుకొని తిరిగేవాడే, ఆ పెట్టె. అందులో మన దుకాణం పాత కాగితాల కింద ఒక కవరు. మీద 'మార్కాపురం, కర్నూలు జిల్లా' అని ఉంది. లోపల ఇంగ్లీషు ఉత్తరం, 1956 నాటిది. నా మనవరాలు తనూజ హైదరాబాదులో చదువు ముగించుకొని వచ్చి ఉంది, అదే చదివి చెప్పింది.

కలకత్తాలో కాగితాల దుకాణంలో పని చేసే ఒక అబ్బాయి రాసినాడు. పలకల పెట్టె విప్పుతుంటే మన ఊరి పేరు కనపడిందట. 'యుద్ధంలో రంగూన్ నుంచి నడిచి వస్తుంటే మా కింది వాటా పెద్దమనిషి ఒకరు, మాది పలకల ఊరు, చేరగానే తలా ఒక పలక ఇస్తానని పిల్లలకు ఆశ పెట్టి నడిపించేవారు. అది మీరేనా? మా అమ్మ క్యాంపులో పోయిన మర్నాడు నన్ను జ్వరం తగిలినవాళ్ల లారీ ఎక్కించినారు. మా చెల్లెల్ని మీ చేతుల్లో పెట్టినాను. అయిదేళ్లది. ఎడమ మోకాలి కింద కాలిన మచ్చ. మేము యూదులం. ఆ పిల్ల ఉందా?' ఇంతే.

తనూజ చదవడం ఆపి నా కాలు వంక చూసింది. నేనూ చూసుకున్నాను. అరచేతి వెడల్పు మచ్చ, ఎనభై ఏళ్లుగా నాతో ఉన్నదే.

చిన్నప్పుడు ఎన్నిసార్లు నీ పక్కన పడుకొని అడిగినాను అక్కా. లారీలో నుంచి చెయ్యి ఊపే పిల్లాడు ఎవరు? రెండు మైనపువత్తులు వెలిగించి చేతులతో కళ్లు మూసుకునే ఆమె ఎవరు? 'జ్వరంలో వచ్చిన కల, పడుకో' అనేదానివి. శుక్రవారం దీపం పెట్టి నేను కళ్లు మూసుకుంటే వీపు మీద ఒకటి వేసేదానివి, దీపం చూసి దండం పెట్టాలిగాని అదేం తిక్క అని.

ఎవరక్కా ఆ పిల్ల? నాకు ఎనభై ఒకటి. ఇప్పుడు అబద్ధం చెప్పి నాకు పెళ్లి చేసేది ఏమీ లేదు. వెంటనే రాయి.

నీ చెల్లెలు,
రమణి

గిద్దలూరు,
20 ఆగస్టు 2018

చిరంజీవి రమణికి అక్క సీతారత్నం ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం చేరింది. అల్లం పచ్చడి పెట్టినాను, బస్సులో పంపుతున్నాను. ఈ ఇంట్లో నా కోడలు ఉప్పు వెయ్యదు, బీపీ అంటుంది. బీపీ దానికా నాకా?

ఆ కాగితం పొయ్యిలో వెయ్యి. రంగూన్ దారిలో ఎంతమంది పిల్లలు తప్పిపోయినారో లెక్కుందా? బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు, తోబుట్టువుల్ని పోగొట్టుకున్నవాళ్లు కనపడిన ప్రతి అడ్రసుకూ రాసేవాళ్లు. నాయన అది చదివి ఎవరో మతి చెడినవాడు పాపం అని పక్కన పెట్టినాడు. ఆ మచ్చ గంజి ఒలికి కాలింది. నా చేతిలో గిన్నే జారింది, నాకు తెలియదా? నువ్వు అమ్మ కడుపున పుట్టినప్పుడు నాకు ఏడేళ్లు. గది బయట కూర్చొని నీ ఏడుపు విన్నదాన్ని నేను.

రంగూన్‌లో మన మేడ మీద వాటాలో యూదుల కుటుంబం ఉండేది, అది నిజమే. ఆ రూబెన్ మెట్ల మీద నుంచి జారుతూ ఉండేవాడు, అల్లరి వెధవ. వాడు చిన్నప్పుడే ఏమైపోయినాడో ఎవరికి తెలుసు? వాళ్లింట్లో దీపాలు పెట్టేది నువ్వు చూసి ఉంటావు, అదే నీ తలలో ఉండిపోయింది. ఆ పిల్లదానికి పని లేదా, ముసలమ్మకు పాత కాగితాలు చదివి పెట్టడానికి? మళ్లీ కలల సంగతి మొదలుపెట్టొద్దు. మోకాళ్లకు నువ్వులనూనె రాసుకో.

సీతారత్నం

మార్కాపురం,
29 ఆగస్టు 2018

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినాను. మొదటిసారి మనసు కుదుటపడింది. రెండోసారి నీ కోడలి ఉప్పుకు నవ్వినాను. మూడోసారి ఒక మాట దగ్గర ఆగినాను.

ఉత్తరం రాసిన అబ్బాయి పేరు నేను నీకు రాయలేదక్కా. నా ఉత్తరంలో ఎక్కడా లేదు, తనూజను కూడా అడిగినాను. సంతకం రూబెన్ అనే ఉంది. నీకెట్ల తెలిసింది?

తనూజ ఆ పేరు పట్టుకొని కలకత్తాలో వాళ్లవాళ్లను ఫోనులో వెతికింది. అక్కడ యూదులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలినారట, ఒక్కరోజులో దొరికింది. అతను బతికే ఉన్నాడు. ఎనభై ఏడేళ్లు. అతని మనవరాలు ఫోను తీసింది. విషయం చెబితే ఆ పెద్దాయన నమ్మలేదట. 'మా చెల్లెలు ఎప్పుడో పోయింది, నా దగ్గర కాగితం ఉంది' అని ఫోను పెట్టెయ్యమన్నాడట. ఏ కాగితమో నాకు అర్థం కాలేదు. నాయన ఏదో రాసి పంపి ఉంటాడు. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకొని ఏం లాభం, అయినా వస్తోంది.

నీ మీద లేదు. నాయన గుమ్మంలో దగ్గితే నువ్వు పెరట్లో నిలబడి వణికేదానివి. ఆయన చెప్పొద్దంటే నువ్వేం చేస్తావు? కానీ ఇప్పుడన్నా నిజం రాసి ఉండాల్సింది.

పదో తారీఖు విజయవాడలో రైలెక్కుతున్నాం నేనూ తనూజా. లక్ష్మీకాంత్ వద్దని గోల చేస్తున్నాడు. ఉన్నాడో పోతాడో తెలియని వయసు అతనిది. నాది మాత్రం ఏమైనా తక్కువా? పచ్చడి అందింది. కారం ఎక్కువైంది.

రమణి

కలకత్తా,
18 సెప్టెంబరు 2018

అక్కా,

దండం పెట్టబుద్ధి కాలేదు, అందుకే పెట్టలేదు.

మేము చేరిన రోజు రూబెన్ నన్ను లోపలికి రమ్మని కూడా అనలేదు. గుమ్మం దగ్గర కుర్చీ వేయించినాడు. సన్నగా, పొడుగ్గా, కళ్లజోడుకు దారం కట్టుకొని ఉన్నాడు. అతని మాట నాకు రాదు, నా మాట అతనికి రాదు, మధ్యలో తనూజ. నా మోకాలు చూపించినాను. కాలిన కాళ్లు లోకంలో చాలా ఉన్నాయన్నాడు. లోపలికి పోయి ఒక అట్ట ఫైలు తెచ్చి నా ఒళ్లో పెట్టినాడు.

నాకు ఇంగ్లీషు చదవడం సరిగా రాదు. కానీ ఏబీసీడీలు నాకు దిద్దించింది ఎవరు? నా చెయ్యి నీ చేతిలో పెట్టుకొని పలక మీద దిద్దించింది నువ్వే. జీ అక్షరానికి కింద కొక్కెం వేసి మళ్లీ దాన్ని పైకి చుట్టేది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. తనూజ చదవకముందే నాకు తెలిసిపోయింది.

'మీ చెల్లెలు మిరియం మీరు పోయిన అయిదో రోజున, 1942 మే మూడు ఆదివారం తెల్లవారగానే జ్వరంతో పోయింది. వాగు పక్కన వెదురుపొద కింద పూడ్చి, మీద తెల్ల గుండ్రాయి పెట్టినాం. కడసారి మంచినీళ్లు అడిగి రెండు గుక్కలు తాగింది. మా రమణి క్షేమంగా ఉంది. ఇకమీదట ఏదైనా ఉంటే మార్కాపురానికి కాదు, గిద్దలూరుకు నా పేరున రాయండి.' కింద నీ సంతకం.

రూబెన్ ఏమన్నాడో తెలుసా? 'సీత వాళ్ల నాయన రాసి ఉంటే నేను మార్కాపురం వచ్చి వెతికేవాణ్ణి. సీత రాసింది కాబట్టి నమ్మినాను. ఆ కొండల్లో తన వంతు బెల్లంముక్క కొరికి నాకు సగం పెట్టిన పిల్ల సీత' అన్నాడు.

ఫైలులో రెండో ఉత్తరం కూడా ఉంది. 1979. అతను పాపం ఒక్కసారి వస్తానని అడిగినాడట, మా చెల్లెల్ని చివరగా ఎత్తుకున్న చేతులు చూసి పోతానని. దానికి నువ్వు రాసింది రెండే ముక్కలు. 'రావద్దు. ఇక్కడ మీకు చూడటానికి ఏమీ లేదు.'

అప్పటికి నాయన పోయి పదేళ్లు. నీకు చెప్పేవాడు లేడు, నిన్ను భయపెట్టేవాడు లేడు. నేను నలభై రెండేళ్లదాన్ని, మార్కాపురంలో మేడ మీద వడియాలు పెట్టుకుంటూ ఉన్నాను. చూడటానికి నేను లేనా అక్కా?

అతను నన్ను నమ్మింది శుక్రవారం. పొద్దుగూకేముందు అతని మనవరాలు రెండు మైనపువత్తులు వెలిగించింది. నేను గోడకు ఆనుకొని కూర్చున్నదాన్ని, నా చేతులు వాటంతట అవే లేచి మంట వైపు మూడుసార్లు తిరిగి కళ్లు మూసుకున్నాయి. తీసి చూస్తే అతను నా ముందు నేల మీద కూలబడి ఉన్నాడు. మిరీ, మిరీ అంటున్నాడు. ఆ పిలుపు కలలో విన్నానక్కా. నువ్వు కల అన్న దాంట్లోనే విన్నాను. ఇద్దరం ముసలివాళ్లం వెక్కివెక్కి ఏడుస్తుంటే తనూజ మంచినీళ్లు పట్టుకొని నిలబడింది.

ఆదివారం నన్ను వాళ్ల శ్మశానానికి తీసుకపోయినాడు. వాళ్ల అమ్మకూ నాకూ కలిపి ఒక రాయి వేయించినాడు, కింద ఎవరూ లేని ఉత్త రాయి. వాళ్లు పూలు పెట్టరు, పోయినప్పుడల్లా ఒక గులకరాయి పెట్టి వస్తారు. అరవై ఏళ్ల గులకరాళ్లు ఉన్నాయి నా పేరు మీద. మనకు మల్లేనే వాళ్లకూ తిథులున్నాయి. ప్రతి ఏడూ ఆ మే మూడు నాటి తిథి చూసుకొని నాకు దీపం పెడుతున్నాడు. నా రాయి ముందు నన్నే నిలబెట్టినావు కదా అక్కా.

ఎందుకు చేసినావో రాయి. పచ్చళ్లు పంపొద్దు.

గిద్దలూరు,
2 అక్టోబరు 2018

రమణీ,

నిన్ను వేరే పేరుతో పిలవడం నాకు రాదు. లక్ష్మణ్‌ను బజారుకు పంపి, తలుపు వేసుకొని, భూతద్దం పెట్టుకొని చదివినాను నీ ఉత్తరం.

మే మూడో తారీఖు గురించి నేను రాసింది నిజం. వెదురుపొద నిజం, తెల్ల గుండ్రాయి నిజం, రెండు గుక్కల నీళ్లు నా చేత్తోనే పోసినాను. పేరు ఒక్కటే మార్చినాను. పోయింది మన రమణి.

మీ ఇద్దరికీ ఒకే చాప మీద జ్వరం. అది పోయింది, నువ్వు మిగిలినావు. అమ్మ దాన్ని పూడ్చనివ్వలేదు. నాయన పూడ్చి వచ్చేసరికి అమ్మ నిన్ను ఒళ్లో వేసుకొని రమణీ రమణీ అని ఊపుతోంది. కాదమ్మా అని నేనంటే నా మూతి మీద కొట్టింది. నాయన నన్ను బయటికి తీసుకపోయి 'ఊరుకో, ఆమె బతకాల' అన్నాడు. నువ్వు పది రోజులకు కళ్లు తెరిచి నీ పేరు మర్చిపోయినావు. మార్కాపురంలో మన రమణిని చూసినవాళ్లు ఎవరున్నారు? రంగూన్‌లో పుట్టిన పిల్ల. సరిపోయింది.

యాభై ఆరులో రూబెన్ ఉత్తరం వచ్చేనాటికి నీ పెళ్లికి ఇరవై రోజులుంది. పొదిలి సంబంధం, ఇల్లరికానికి ఒప్పుకొని వస్తున్నారు. ఇంటిపేరు, గోత్రం, మేనమామల గోత్రం అన్నీ చూసుకొని వచ్చినవాళ్లకు పిల్ల యూదులదని తెలిస్తే పెళ్లి ఆగేది ఒక్కటే కాదు, మన గుమ్మం ఎవరూ తొక్కరు. నీకు ఇంగ్లీషు వచ్చు గదా, రాయి, అన్నాడు నాయన. ఏం రాయాల అన్నాను. పోయిందని రాయి, అన్నాడు. నాకు కల్పించడం చేతకాలేదు. కళ్ల ముందు జరిగింది అదొక్కటే, అదే రాసినాను. రాస్తూ ఏడ్చినాను. నాయన నేను నీకోసం ఏడుస్తున్నాననుకున్నాడు.

నీకు ఇది అర్థం అవుతుందో లేదో. రమణి బతికి ఉన్నట్టే కాబట్టి దానికి మేము ఏడవడానికి వీల్లేకపోయింది. పదోరోజు లేదు, నీళ్లు వదలడం లేదు, పేరు తలుచుకుంటే పక్క గదిలో నుంచి నువ్వు పలికేదానివి.

డెబ్బై తొమ్మిదిలో నీ కూతురి పెళ్లి అని సాకు చెప్పొచ్చు. చెప్పను. అతను వస్తే నువ్వు అతని వెంట పోతావని భయపడినాను. ఒక చెల్లెల్ని వాగు పక్కన వదిలేసి వచ్చినదాన్ని, రెండోదాన్ని ఇయ్యలేకపోయినాను. తప్పే. కానీ ఆ కొండ మీద నుంచి నిన్ను వీపున కట్టుకొని దించింది నేనే, పన్నెండేళ్లదాన్ని. అది కూడా నిజమే రాసుకో.

ఒక్కటి అడుగుతాను. ఆ రాయి ఫోటో తీసి పంపమను తనూజను. మన రమణి కోసం ఈ లోకంలో ఉన్న రాయి అదొక్కటే.

అక్క

కలకత్తా,
13 అక్టోబరు 2018

సీతక్కా,

ఫోటో పంపను.

నన్ను వీపున దించినావు, ఒప్పుకుంటాను. నువ్వు లేకపోతే నేనూ ఆ వెదురుపొద కిందే ఉండేదాన్ని. పెళ్లప్పుడు నాయన మాటకు రాసినావు, అదీ పోనీ అంటాను. రూబెన్ కూడా పోనీ అంటున్నాడు, నాకంటే మెత్తనివాడు. నేను పోనీ అనలేనిది వేరే ఉంది. కల అన్నావు. నేను కళ్లారా చూసిన మా అమ్మను, నాకు చెయ్యి ఊపిన మా అన్నను, కల అని నా చేతే నమ్మించినావు. నాకేమైనా మతి చలించిందా అని పిల్లల దగ్గర కూడా దాచుకున్నాను ఆ రెండు దీపాల సంగతి. మీ మరిదికి కూడా చెప్పలేదు. డెబ్బై ఆరేళ్లు నా కళ్లను నేనే నమ్మకుండా బతికినాను. నీ పక్కన పడుకొని అడిగితే నా తల నిమురుతూ చెప్పినావు ఆ అబద్ధం.

రాయి నీకు కావాలంటే ఒక పని చెయ్యి. లక్ష్మీకాంత్ గోడౌనులో మిగిలిన పలకలు నీకు పంపుతాడు. ఒకదాని మీద నీ చేత్తో, మీ చెల్లెలు ఎవరో, ఎప్పుడు పోయిందో రాయి. తెలుగులో రాయి. బలపంతో రాయొద్దు, తుడిస్తే పోతుంది. మేకుతో గీకు. గీకేటప్పుడు తలుపు వేసుకోవద్దు.

గిద్దలూరు,
6 నవంబరు 2018

పలక పంపుతున్నాను. నాలుగు రోజులు పట్టింది. మేకు జారి రెండు పలకలు విరిగినాయి, ఇది మూడోది. అరుగు మీద కూర్చునే గీకినాను. ఏందమ్మా అది అని లక్ష్మణ్ అడిగినాడు. చెప్పినాను, వీధిలోవాళ్లు వింటుండగానే, నా చెవులు వినపడవు కాబట్టి గట్టిగానే చెప్పి ఉంటాను. కోడలు వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ రోజు ఎవరూ నన్ను ఊరుకోమనలేదు, పొద్దుగూకేదాకా ఏడ్చినాను.

పళ్లసెట్టు వదులైపోయింది. నువ్వెప్పుడు వస్తావో రాయి. గిద్దలూరుకు కాకపోయినా మార్కాపురానికి వచ్చినా చాలు, నేనే బస్సెక్కి వస్తాను.

అక్క

కలకత్తా,
19 నవంబరు 2018

సీతక్కా,

పలక విరగకుండా చేరింది. 'రమణి. నరసింహారావు, సుబ్బులమ్మల రెండో కూతురు. సీతారత్నం చెల్లెలు. అయిదేళ్లు.' కింద తారీఖు. తనూజ దాన్ని ఇంగ్లీషు చేసి చెబితే రూబెన్ నీ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు తడిమినాడు. మీ నాయన ఇస్తానన్న పలక ఇన్నాళ్లకు చేరిందన్నాడు.

నిన్న శ్మశానానికి తీసుకపోయి ఆ గులకరాళ్ల పక్కన పెట్టినాం. రాయి మీద నా పేరు కొట్టేస్తామని వాళ్లు అంటే వద్దన్నాను. ఇంకెంత, రెండేళ్లో మూడేళ్లో, ఎట్లాగూ పనికొస్తుంది. రమణి అనే పేరు మాత్రం ఆ పిల్లది ఆ పిల్లకు ఇచ్చేసినాను. మోసినన్నాళ్లు మోసినాను.

వచ్చే నెల మార్కాపురం వస్తాను, నా పిల్లలున్నారు గనుక. నువ్వు బస్సెక్కొద్దు. నిన్ను చూస్తే ఆ కొండ దించిన పిల్ల కనపడుతుంది, నా కోపం కరిగిపోతుంది. అది ఇప్పుడప్పుడే కరగడం నాకు ఇష్టం లేదు. నాకంటూ సొంతంగా మిగిలింది ఆ కోపం ఒక్కటే.

రూబెన్ ఒక మాట అడిగినాడు. మిరియం బతికే ఉంది కదా, ఇకమీదట ఆ తిథికి దీపం ఆపేయనా అని. ఆపొద్దన్నాను. నువ్వూ మీ నాయనా మీ అమ్మా డెబ్బై ఆరేళ్లలో ఒక్క ఏడు కూడా ఆ పిల్లకు పెట్టని దీపం, ముక్కూ మొహం మరిచిపోయిన అతను అరవై రెండేళ్లుగా పెడుతున్నాడు, నా పేరున. వచ్చే మే నెలకు నేను ఇక్కడికి వస్తాను. నువ్వు గిద్దలూరులో పెట్టు. తారీఖు నేను నీకు చెప్పనక్కరలేదు, రాసింది నువ్వే కదా.

మిరియం